బుజ్జిగాడికి బాత్రూం పాఠాలు

కరీంనగర్ మంకమ్మతోటలో మాది అద్దిల్లు. రెండు నెలల పొమేరియన్ పిల్లని తెచ్చిన మూడో రోజే అమ్మ తేల్చేసింది: "దేవునర్ర ముంగట ఇంకోపారి పోసిందంటే, యాడ తెచ్చినవో ఆడ్నే ఇచ్చిరా."

మూతి అందులో రుద్ది ఒక్కటెయ్యమన్నాడు పక్కింటి పెద్దాయన. వేశాను కూడా. దాంతో బుజ్జిగాడు మానలేదు, సోఫా వెనక్కి పోయి పోయడం మొదలెట్టాడు. ఇంట్లో పోయొద్దని కాదు, నేను చూస్తుండగా పోయొద్దని నేర్చుకున్నాడన్నమాట!

అసలు సంగతి తర్వాత తెలిసింది. చిన్న జాతి, చిన్న మూత్రాశయం. రెండు నెలల పిల్ల పగలు 2 గంటలు ఆపుకుంటే గొప్పే. అందుకే నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆగగానే డాబా మీదికి ఎత్తుకుపోవడమే. పార్వో టీకాలు పూర్తికాలేదు కాబట్టి వీధిలోకి దింపలేదు. మే ఎండకి డాబా కాలిపోతుంటే బాల్కనీలో పాత పేపర్ పరిచాను. పని కాగానే అక్కడికక్కడే ఉడికించిన చికెన్ ముక్క. ఇంట్లోకొచ్చాక ఇస్తే ఎందుకిచ్చామో వాడికి అర్థం కాదు.

ఫినాయిల్ మన ముక్కునే మోసం చేస్తుంది, కుక్క ముక్కును కాదు. టైల్స్ మీద వెనిగర్ నీళ్లు వాడాకే పాత చోటికి పోవడం తగ్గింది.

నెలన్నర పట్టింది. వానొస్తే ఇప్పటికీ మొరాయిస్తాడు. నిన్న పొద్దున నేను లేచేసరికి అమ్మే వాణ్ణి ఎత్తుకుని డాబా మెట్లెక్కుతోంది, కొంగున బిస్కెట్ ముక్క ముడేసుకుని.