విమానంలో లేని తిప్పలు వ్యోమనౌకలో.. వదిలిన ఊపిరి ఎటు పోవాలి?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విమానం తలుపులు మూశాక అందరం ఒకే గదిలో గంటల తరబడి గాలి పీలుస్తాం. అయినా ఊపిరాడకపోవడం ఉండదు. ఎందుకంటే చాలా విమానాల్లో ఇంజిన్ బయటి గాలిని లాగి, కుదిస్తుంది. దాన్ని చల్లబరిచి క్యాబిన్‌లోకి వదులుతారు. పాత గాలి వాల్వ్ గుండా బయటికి పోతుంది, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వెంటబెట్టుకుని. ఫిల్టర్లు ఉన్నాయిగా అనుకోవద్దు, అవి ఆపేది దుమ్మునీ క్రిములనే.

మరి అంతరిక్షంలో? అక్కడ బయట గాలే లేదు!

ఒక మనిషి రోజుకు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇస్రో గగన్‌యాన్ ప్లాన్ ప్రకారం ముగ్గురు, మూడు రోజులు. అంటే దాదాపు 9 కిలోలు. ఆక్సిజన్ నిండుగా ఉన్నా సరే, ఇది పేరుకుపోతే ముందు తలనొప్పి, తర్వాత మగత, చివరికి స్పృహే తప్పుతుంది. పైగా అక్కడ వేడి గాలి పైకి లేవదు. ఫ్యాన్ ఆగితే నిద్రపోయేవాళ్ల ముఖం చుట్టూ వాళ్ల ఊపిరే నిలిచిపోతుంది.

చిన్న ప్రయాణాలకు లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు చాలు. గాలి వాటి గుండా వెళ్తే కార్బన్ డయాక్సైడ్ అందులోనే చిక్కుకుంటుంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ప్రమాదంలో ముగ్గురి ప్రాణాలు వీటిమీదే ఆధారపడ్డాయి. ఇద్దరి కోసం చేసిన ల్యాండర్‌లో ముగ్గురు తలదాచుకున్నారు. దాని డబ్బాలు గుండ్రం, ప్రధాన నౌకలో మిగిలినవి చతురస్రం. ప్లాస్టిక్ సంచి, స్పేస్‌సూట్ గొట్టం, టేప్‌తో ఎలాగోలా అతికించి బతికి బయటపడ్డారు.

అయితే ఈ డబ్బా ఒకసారి నిండితే మళ్లీ పనికిరాదు. కిలో మందు పట్టేది కిలో లోపు కార్బన్ డయాక్సైడే. ఏడుగురు ఆరు నెలలుండాలంటే మందే టన్నుకు పైగా మోసుకెళ్లాలి! అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జియోలైట్ అనే ఖనిజం వాడతారు. ముందు గాలిలో తేమ తీసేస్తారు, లేదంటే జియోలైట్ నీటినే పట్టేసుకుంటుంది. నిండాక వేడిచేసి, శూన్యానికి తెరిస్తే మళ్లీ ఖాళీ. హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021 నవంబర్ నుంచి 2022 మే వరకు పీల్చింది అలా శుభ్రమైన గాలినే. అయినా అక్కడ ఈ వాయువు మన బయటి గాలిలో కంటే చాలా రెట్లు ఎక్కువే ఉంటుంది.

గగన్‌యాన్‌కు ఈ టెక్నాలజీ కోసం ఇస్రో వేరే దేశాలను అడిగి చూసింది. ఎవరూ ఇవ్వలేదు. దాంతో క్యాబిన్ గాలిని చూసుకునే వ్యవస్థను సొంతంగానే తయారుచేసుకుంటోంది.