పదో తరగతి చదివితేనే సర్పంచా?

గ్రామ సర్పంచి పదవికి పోటీ చేయదలచిన వారు కనీసం పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలని హర్యానా ప్రభుత్వం 2015లో శాసనం చేసింది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాల వారికి కొంత సడలింపు ఇచ్చారు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, సహకార బ్యాంకు రుణాల బకాయి ఉండరాదు, విద్యుత్ బిల్లులు చెల్లించి ఉండాలి అన్న షరతులు కూడా అందులో చేరాయి. అంతకు కొద్ది నెలల ముందు, 2014 డిసెంబరులో, రాజస్థాన్ ప్రభుత్వం ఇటువంటి నిబంధననే ఆర్డినెన్సు రూపంలో తెచ్చింది. పాలకులను ఎన్నుకొనే హక్కు ప్రజలదే అయినప్పుడు, ఎవరు ఎన్నిక కాదగినవారో ముందుగానే నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదా అన్న ప్రశ్న దీనితో మరోమారు తెరపైకి వచ్చింది.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. రాజ్‌బాలా కేసులో 2015 డిసెంబరు 10న తీర్పు వెలువడింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ అభయ్ మనోహర్ సప్రేలతో కూడిన ధర్మాసనం హర్యానా చట్టాన్ని సమర్థించింది. మంచి చెడుల విచక్షణ మనిషికి విద్య వల్లనే కలుగుతుందని ధర్మాసనం అభిప్రాయపడింది. అయితే ఈ నిబంధన వల్ల పోటీకి దూరమయ్యే వారెవరన్నదే అసలు సమస్య. గ్రామాల్లోని షెడ్యూల్డ్ కులాల మహిళల్లో సగానికి మించిన వారు ఆ చట్టంతో అనర్హులయ్యారు. బడి లేని ఊళ్లో, బడి ఉన్నా ఆడపిల్లను పంపని రోజుల్లో పెరిగిన స్త్రీకి, ఆ లోటుకు బాధ్యత వహించవలసిన ప్రభుత్వమే చివరకు అనర్హత ముద్ర వేసింది.

యోగ్యత చూసి పదవి ఇవ్వాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరు గుడి గోడలపై మొదటి పరాంతక చోళుని కాలం నాటి శాసనాలు ఉన్నాయి. గ్రామ సభా సంఘాలకు సభ్యులను ఎంపిక చేసే విధానాన్ని 921 నాటి శాసనం సవివరంగా చెబుతుంది. అభ్యర్థికి పన్ను కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వయస్సు 35కు తగ్గకుండా, 70కి మించకుండా ఉండాలి, వేద విద్య తెలిసి ఉండాలి. గతంలో సభ్యుడుగా ఉండి లెక్కలు అప్పగించనివాడు అనర్హుడు; అతని దగ్గరి బంధువులూ అనర్హులే. (ఈ ఒక్క షరతు నేటి చట్టసభలకు వర్తింపజేస్తే ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో పాఠకులే ఊహించుకోవచ్చు.) అర్హుల పేర్లను తాటాకులపై రాసి కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించేవారు. ఏర్పాటు ముచ్చటైనదే. కాని అది బ్రాహ్మణ అగ్రహారం. పొలం దున్నినవారి పేరు ఆ కుండలోకి చేరే మార్గమే లేదు.

రాజ్యాంగ పరిషత్తులోనూ ఈ చర్చ జరిగింది. చట్టాన్ని అమలు చేసేవారికి గొప్ప అర్హతలు కోరుతూ, చట్టాన్ని చేసేవారికి ఏ అర్హతా నిర్దేశించకపోవడం పొందికగా లేదని బాబూ రాజేంద్ర ప్రసాద్ 1949 నవంబరు 26న విచారం వ్యక్తం చేశారు. అంతకు మూడు రోజుల ముందు, నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సామాన్యునిపై నమ్మకంతోనే పరిషత్తు వయోజన ఓటు హక్కును స్వీకరించిందని సభకు గుర్తుచేశారు. అప్పటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం చుట్టుపక్కల ఉన్నది. 1951-52లో 17 కోట్లకు పైబడిన ఓటర్లకు గుర్తుల బొమ్మలు చూసి ఓటు వేసే అవకాశం కలిగింది. అప్పటినుంచి మనది ఒక విధమైన రాజీ ఏర్పాటు: కలెక్టరును పరీక్ష పెట్టి ఎంచుకుంటాం, మంత్రిని ఓటు వేసి ఎన్నుకుంటాం.

ఈ రాజీని కాదని పొరుగు దేశం ఒక ప్రయోగం చేసి చూసింది. పాకిస్తాన్‌లో జనరల్ పర్వేజ్ ముషారఫ్ 2002 ఎన్నికలకు ముందు, జాతీయ, రాష్ట్ర శాసనసభల అభ్యర్థులు పట్టభద్రులై ఉండాలని ఉత్తర్వు జారీ చేశారు. ఆ దేశ జనాభాలో పట్టభద్రులు అతి స్వల్పం. చట్టసభలను విద్యావంతులతో నింపుతామన్నది చెప్పిన మాట. జరిగింది వేరు. మదరసాలు ఇచ్చే పట్టాలకు గుర్తింపు లభించగా, మత పార్టీల కూటమి వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో అధికారానికి వచ్చింది. ఎన్నికలలో గెలిచే అలవాటున్న కుటుంబాలు చదివిన కొడుకునో, మేనల్లునినో నిలబెట్టాయి. చదువు లేని చోట పట్టానే సృష్టించుకున్నాయి. 2008 ఏప్రిల్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు నిబంధనను కొట్టివేసింది. అయినా రెండేళ్ల తరువాత, 2010లో, దొంగ పట్టాల వ్యవహారం బయటపడి ఎందరో సభ్యులు చిక్కుల్లో పడ్డారు. అసలుదైనా నకిలీదైనా పట్టా పట్టాయేనని బలూచిస్తాన్ ముఖ్యమంత్రి అస్లం రైసానీ అనడం అప్పట్లో పెద్ద హాస్యమైంది. ఒక సైనిక పాలకుడు యోగ్యతను గూర్చి మాట్లాడడమే అంతకన్న పెద్ద హాస్యమని కొందరు గ్రహించకపోలేదు.

యోగ్యతావాదంలో బలమేమీ లేదని కాదు. 73వ రాజ్యాంగ సవరణ తరువాత పంచాయతీల ద్వారా జరిగే వ్యయం పెరిగింది. చదవలేని సర్పంచి వేలిముద్ర వేస్తే, భర్తో, కార్యదర్శో పెత్తనం చేయడం అన్ని రాష్ట్రాల్లోనూ కనిపించే దృశ్యమే. కాని పెత్తనం చేసేది చదువుకున్నవాడే కదా! అర్థశాస్త్రంలో అపార పాండిత్యం గల మన్మోహన్ సింగ్ 1999లో దక్షిణ ఢిల్లీ లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. రాజ్యసభ ద్వారానే పదేళ్లు ప్రధానిగా ఉన్నారు. బడి చదువు మధ్యలోనే ఆపిన కామరాజ్ 1954 నుంచి 1963 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఊరూరా బడులు తెరిపించి, పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. చదువు విలువ ఆయనకు తెలిసినంతగా ఎందరు పట్టభద్రులకు తెలుసు?

పోటీదారుల అర్హతలకు కత్తెర వేసే ధోరణి మన రాష్ట్రానికీ కొత్తకాదు. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని 1994 పంచాయతీరాజ్ చట్టం స్థానిక ఎన్నికలకు దూరంగా ఉంచింది. జనాభా తగ్గుదల భయంతో 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది. ముప్పయ్యేళ్లు అయోగ్యతగా పరిగణించినది ఒక్క బిల్లుతో అయోగ్యత కాకుండా పోయింది.

రాజస్థాన్ 2019లో చదువు నిబంధనను తొలగించింది. హర్యానాలో మాత్రం 2022 పంచాయతీ ఎన్నికలు కూడా ఆ నిబంధనతోనే జరిగాయి. పదవ తరగతి తప్పిన కారణంగా నాడు సొంత ఊరి సర్పంచి పదవికి నామినేషన్ వేయలేకపోయిన వ్యక్తి, 2024 అక్టోబరులో జరిగిన హర్యానా శాసనసభ ఎన్నికలలో పోటీ చేయడానికి ఏ విద్యార్హతా అడ్డు రాలేదు. గెలిచి ఉంటే ఆ చట్టాన్ని సవరించే సభలోనే కూర్చునేవాడు.