కేకు కోసే వేళకు కర్టెన్ వెనక దాక్కున్నాడు

మూడు అంకె ఆకారంలో ఉన్న కొవ్వొత్తి వెలిగించాం. ఫ్రిస్కోలో మా కాలనీ క్లబ్‌హౌస్‌లో నలభై మంది దాకా చేరారు. పిల్లలంతా కేకు చుట్టూ మూగారు. తీరా పాట మొదలుపెట్టబోతే కేకు కోయాల్సినవాడే లేడు. వాణ్ని వెతికి పట్టుకుంది మా అమ్మ. కిటికీ కర్టెన్ వెనక, కాళ్లు రెండూ బిగించి, చేతులతో గోడ పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని నిలబడి ఉన్నాడట.

"కక్కా వస్తోందా నాన్నా? బాత్రూంకి వెళ్దామా?" అని అడిగితే, "రావట్లేదు. నువ్వెళ్లిపో అమ్మమ్మా" అన్నాడట.

అప్పటికి ఐదు రోజులైంది వాడు దొడ్డికి వెళ్లక. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ నిలబడే తీరు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు మా తొందరకి ఒక కారణం ఉంది. అమ్మ విజిటర్ వీసా మీద జనవరిలో వచ్చింది. ఆరు నెలలే ఉండనిచ్చారు. జూన్ ఆఖర్లో వెళ్లిపోవాలి. ఆ తర్వాత చిన్నోణ్ని చూసుకునేవాళ్లు లేరు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం. వారానికి రెండు రోజులు డేకేర్, మిగతా రోజులు అమ్మ. ఆగస్టు నుంచి ఐదు రోజులూ ప్రీస్కూల్‌లో చేర్చాలని డబ్బు కూడా కట్టేశాం. అప్లికేషన్‌లో ఒకే ఒక్క షరతు లావు అక్షరాల్లో ఉంది: మూడేళ్ల క్లాసులోకి వచ్చే పిల్లలకు పాటీ ట్రైనింగ్ పూర్తయి ఉండాలి. వాడికి కాకపోతే నేను ఉద్యోగం మానేయాలా, సెలవు పెట్టాలా అన్నది మా ఇంట్లో రోజూ రాత్రి నడిచే చర్చ.

అమ్మకి ఇదంతా వింతగా ఉండేది. "నీకు ఏడాది నిండేసరికి అయిపోయిందే. తెనాల్లో మీ అమ్మమ్మ నిన్ను పాదాల మీద కూర్చోబెట్టి 'ష్.. ష్..' అంటే చాలు, పోసేదానివి. మూడేళ్లొచ్చినా ఇంకా ఈ ప్లాస్టిక్ మూటలేంటే?" అనేది. మొదట్లో నాకు చిరాకొచ్చేది. తర్వాత చదివి చూస్తే అమ్మ మాట అబద్ధం కాదని తెలిసింది. 1950ల దాకా అమెరికాలోనూ చాలామంది పిల్లలకు ఏడాదిన్నర ప్రాంతంలోనే అలవాటు చేసేసేవాళ్లు. పాంపర్స్ బజారులోకి వచ్చింది 1961లో. ఆ మరుసటి ఏడాదే బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టర్, బిడ్డ సిద్ధమైనప్పుడే మొదలుపెట్టాలి, బలవంతం చేయకూడదు అని రాశారు. ఇప్పుడు ఇక్కడి డాక్టర్లు చెప్పేది ఎక్కువగా ఆ దారే. రోజుకు ఇరవై గుడ్డలు ఉతికి ఆరేసే ఇంట్లో తొందరగా అలవాటు చేయాలన్న అవసరం తల్లికి ఉంటుంది. పైగా అక్కడ గచ్చు నేల, బకెట్ నీళ్లు పోస్తే సరి. ఇక్కడ గోడ నుంచి గోడ దాకా కార్పెట్, అదీ అద్దె ఇంట్లో.

ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు కలిసొస్తే మూడు రోజులు ఇంట్లోంచి కదలకుండా కూర్చున్నాం. డైపర్ తీసేశాం. అరగంటకోసారి టైమర్, పాటీలో పోస్తే ఒక స్టిక్కర్. మొదటి రోజు ఎన్నిసార్లు తుడిచామో లెక్క లేదు. రెండో రోజు సాయంత్రానికి వాడే పరిగెత్తుకెళ్లి కూర్చున్నాడు. అమ్మ దిష్టి తీసింది. గెలిచేశాం అనుకున్నాను.

సోమవారం దాటాక డేకేర్ నుంచి ఫోన్. మూడు ప్యాంట్లు తడిపాడు, అసలు అడగడం లేదు అన్నారు. ఇంట్లో అడిగేవాడు అక్కడెందుకు అడగడు? నాలుగు రోజుల తర్వాత తెలిసింది. వాడు అడుగుతూనే ఉన్నాడు. "ఉచ్చ, ఉచ్చ" అంటుంటే పాపం ఆ టీచర్ తుమ్ముతున్నాడనుకుని "బ్లెస్ యూ" అందట! ఆ రాత్రి ఒక అట్టముక్క మీద ఆరు మాటలు పలికే తీరుతో సహా రాసిచ్చాను. ఉచ్చ, కక్కా, నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మమ్మ. ఆ టీచర్ దాన్ని గోడకు అంటించి నేర్చుకుంది. ఆ వారంలోనే ప్యాంట్లు తడపడం ఆగింది. ఇంట్లో తెలుగే మాట్లాడే వాళ్లెవరైనా డేకేర్‌లో చేర్చిన మొదటి రోజే ఈ పని చేయండి. మాకు తట్టలేదు.

ఇంకో చిక్కు ఆటోమేటిక్ ఫ్లష్. ఒక షాపులో వాణ్ని కూర్చోబెట్టగానే అది దానంతటదే భళ్లున మోగింది. వాడి కేకకు బయట ఉన్నవాళ్లు లోపలికొచ్చారు. తర్వాత నెల రోజులు బయట ఏ బాత్రూం గుమ్మం తొక్కలేదు. ఆఫీసులో ఒకావిడ చెబితే, అంటించే పసుపు కాగితాలు పర్సులో పెట్టుకుని సెన్సర్ మీద అతికించడం మొదలుపెట్టాను. అది బాగా పనిచేసింది.

కానీ రెండోది మాత్రం దారికి రాలేదు. కక్కా వస్తే డైపర్ తెచ్చి చేతికిచ్చేవాడు. "పెద్దవాడివయ్యావు, డైపర్లు అయిపోయాయి" అని నేను దాచేశాను. దాంతో ఆపుకోవడం నేర్చుకున్నాడు. ఒక రోజు, రెండు రోజులు, పుట్టినరోజు నాటికి ఐదు. మేము చేసిన పెద్ద తప్పు ఇంకొకటి, రోజూ వీడియో కాల్‌లో దీని మీద బులెటిన్ చదవడం. "ఇవాళైనా వెళ్లాడా?" అని అటునుంచి అడగడం, హైదరాబాద్‌లో వాడికంటే చిన్నదైన ఆడపడుచు కూతురు ఎప్పుడో నేర్చేసుకుందని చెప్పడం, వాడు పక్కనే బొమ్మలాడుకుంటూ అన్నీ వినడం.

ఆ వారమే మూడేళ్ల చెకప్. డాక్టర్ సీడీసీ మైలురాళ్ల జాబితా తీసింది. 2022లో మార్చిన ఆ జాబితాలో ఒక వయసుకి నూటికి 75 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలు చేసే పనులు ఉంటాయి. గీసి చూపిస్తే గుండ్రం గీస్తాడా, ఫోర్క్‌తో తింటాడా, అడిగితే పేరు చెబుతాడా, మాటకు మాట జవాబిస్తాడా. అన్నిటికీ అవును. వదిలేసి వెళ్తే పది నిమిషాల్లో ఏడుపు ఆపుతాడా అన్నదానికి కొంచెం ఆలోచించి అవునన్నాను. తర్వాత ఆపుకోలేక అసలు సంగతి చెప్పాను. మా వాడు మొండికేస్తున్నాడు, ఏం చేయాలి అని.

ఆవిడ వాడి పొట్ట నొక్కి చూసింది. మొండితనం కాదు, మలబద్ధకం అంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పెట్టి ఉంటుంది, ఆ భయంతో ఆపుకుంటాడు, ఆపుకున్న కొద్దీ ఇంకా గట్టిపడుతుంది, మళ్లీ నొప్పి. ముందు మలం మెత్తబడాలి, పాటీ సంగతి తర్వాత అంది. నీళ్లలో కలిపే పొడి ఒకటి రాసి, ఎంత వేయాలో చెప్పింది. కక్కాకి డైపర్ అడిగితే మాట్లాడకుండా ఇచ్చేయమంది. భోజనం అయ్యాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, కాళ్లు గాల్లో వేలాడకుండా కింద స్టూల్ ఉండాలి. వస్తే పండగ చేయొద్దు, రాకపోతే తిట్టొద్దు. రక్తం పడినా, వాంతులైనా, పొట్ట ఉబ్బినా వెంటనే ఫోన్ చేయమంది.

పాలు రోజుకు రెండు కప్పులకు తగ్గించమంది. ఇది అమ్మకి తగిలింది. వాడికి రోజుకు నాలుగు గ్లాసులు పట్టిస్తున్నది తనే. "పసివాడికి పాలు తగ్గించమంటుందేంటే ఆవిడ?" అని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున తనే వంటింట్లోంచి అడిగింది, ఎండు ద్రాక్ష నానబెట్టిన నీళ్లు ఇవ్వచ్చా, కాస్త ఆముదం పట్టిద్దామా అని. డాక్టర్‌ని అడిగాను. ద్రాక్ష నీళ్లు సరే, ఆముదం వద్దు అంది. రోజూ రాత్రి నానబెట్టే పని అమ్మ తీసుకుంది. వీడియో కాల్ బులెటిన్లు నేను ఆపేశాను. అడిగినవాళ్లకు "బాగున్నాడు" అని ఒకటే మాట.

డైపర్ తిరిగి ఇచ్చేటప్పుడు ఓడిపోయినట్టే అనిపించింది, ఏం దాచను. మే నెలంతా అలాగే గడిచింది. కాకపోతే రోజు విడిచి రోజు వెళ్తున్నాడు, ఏడవడం లేదు. మధ్యలో ప్రీస్కూల్‌కి ఉన్నదున్నట్టు మెయిల్ రాశాను. డాక్టర్ లెటర్ ఉంటే ఆగస్టు మధ్యదాకా చూస్తామన్నారు. అడగకముందు ఎంత భయపడ్డానో!

అమ్మ ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, సూట్‌కేసులు హాల్లో తెరిచి ఉన్నాయి. చిన్నోడు వచ్చి అమ్మ కొంగు లాగాడు. "అమ్మమ్మా, కక్కా. నువ్వు రా. అమ్మ వద్దు." ఇద్దరూ లోపలికెళ్లి తలుపేసుకున్నారు. నేను బయట చెవి ఆనించి నిలబడ్డాను. లోపలినుంచి 'ష్.. ష్..' అన్న చప్పుడు. ఎవరన్నారో తెలీదు. కాసేపటికి అమ్మ తలుపు తీసి, పండగ చేయొద్దని డాక్టర్ అన్నది గుర్తొచ్చిందో ఏమో, మామూలుగా "చేతులు కడుగు వాడికి" అనేసి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ సింకు దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆగస్టులో ప్రీస్కూల్‌లో చేరాడు. మొదటి నెల రెండుసార్లు ప్యాంటు తడిసింది. అట్టముక్క కొత్త టీచర్‌కీ ఇచ్చాం. కార్లో రెండు జతల బట్టలు, పసుపు కాగితాలు ఇప్పటికీ ఉంటాయి. రాత్రిపూట డైపర్ ఇంకా మానలేదు. దాని గురించి ఇప్పుడే ఆలోచించొద్దని డాక్టర్ చెప్పింది. తెనాలి నుంచి అమ్మ మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ, వాడు పక్కన లేడని తేల్చుకున్నాక, గొంతు తగ్గించి అడుగుతుంది.