ఉప్పే ప్రహరీ, ఉప్పే గండం

సముద్రపు నీరు ఉప్పు మడిలోకి చేరేటప్పుడు లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఎండకు ఇగురుతూ, మడి నుంచి మడికి మారుతూ 260 గ్రాముల దాకా వచ్చేసరికి ఉప్పు తేలుతుంది. ఈ రెండంకెల నడుమ ఏదైనా మడి ఎర్రబారితే అందులో ఆర్టీమియా ఉందేమో చూడాలి. సెంటీమీటరు పొడవుండే ప్రాణి. కాకినాడ, విశాఖ తీరాల హేచరీల్లో రొయ్య పిల్లలకు వేసే మేత దీని పిల్లలే.

ఉప్పంటే దీనికి ప్రాణమని చాలామంది అనుకుంటారు. నిజానికి 35 గ్రాముల నీళ్లలోనూ చక్కగా పెరుగుతుంది. కాకపోతే అక్కడ చేపలుంటాయి. దీనికి గట్టి పెంకు లేదు, తప్పించుకునే వేగమూ లేదు. 80 గ్రాములు దాటాక చాలా చేపలు బతకలేవు కనుక అక్కడి నుంచి ఉప్పే దీనికి ప్రహరీ. 250 దగ్గరపడితే ఆ ఉప్పే దీన్నీ చంపుతుంది.

అందుకే వియత్నాంలో మెకాంగ్ డెల్టా తీరాన విన్ చౌ రైతులు ఉప్పు మళ్లలో ఆర్టీమియా పెంచేటప్పుడు 80 గ్రాములకు తగ్గనివ్వరు. అంతమాత్రాన గట్టెక్కినట్టు కాదు. మడి లోతు తక్కువైతే మధ్యాహ్నానికి నీరు 35 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగినా, ఉప్పు పెరిగినా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇక్కడ రెండూ ఒకేసారి పెరుగుతాయి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకోవడంతో తెల్లవారుజామున పరిస్థితి మరీ ఇబ్బంది. అప్పుడు ఆర్టీమియా ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది. కాబట్టి ఎరుపు ముదిరితే పంట బాగుందని మురిసిపోకూడదు, దానికి ఊపిరాడడం లేదని అర్థం కావచ్చు.

నీరు అనుకూలంగా ఉంటే ఆడది నేరుగా పిల్లల్నే పెడుతుంది. ఆక్సిజన్ పడిపోయినా, ఉప్పు విపరీతమైనా గట్టి పెంకు గుడ్లకు మళ్లుతుంది. ఏ రకమైనా నాలుగు రోజులకోసారి 300 దాకా పెట్టగలదు. మేలైన గుడ్లు గ్రాముకు 2 లక్షల నుంచి 3 లక్షల పిల్లల్నిస్తాయి. 1977లో బ్రెజిల్‌లోని మకావ్ ఉప్పు మళ్లలో వేసినవి 250 గ్రాముల గుడ్లే. అంటే 5 కోట్ల నుంచి ఏడున్నర కోట్ల పిల్లలు! అక్కడి నుంచి ఆ దేశపు ఈశాన్య తీరమంతా పాకాయి.

ఈ గుడ్లు చిక్కటి ఉప్పునీటిపై తేలుతూ గాలివాటున గట్టుకు చేరతాయి. రైతులు వలగుడ్డతో తోడుకుంటారు. పెద్ద వాన పడితే తేలికైన మంచినీరు పైపొరగా నిలుస్తుంది. ఆ పొరలో ఉప్పు తగ్గి గుడ్లు పిల్లలైపోతాయి, అమ్ముకోవాల్సిన సరుకు చేజారుతుంది. అప్పుడు అడుగు నీరు మాత్రమే కొలిస్తే అంకె బాగానే కనిపిస్తుంది. వాన వెలిశాక పైనా కిందా రెండుచోట్లా ఉప్పు కొలవాలి, ఆక్సిజన్ తెల్లవారకముందే చూడాలి.