బఠాణీ గింజంత... బాధ్యత కొండంత!

పాము కాటు నుంచి బతికి బయటపడ్డ రైతుకి నెలలు గడిచినా నీరసం వదలదు. కాన్పులో రక్తం బాగా పోయిన తల్లికి పాలే పడవు. ఈ రెంటికీ మూలం ఒకటే కావచ్చు... మెదడు అడుగునున్న పీయూష గ్రంథి. డాక్టర్ల మాటల్లో పిట్యూటరీ.

జీనులో ఒదిగి...
ముక్కు వెనక, పుర్రె అడుగు ఎముకలో గుర్రపు జీనులాంటి గుంట ఉంటుంది. అందులో ఒదిగి ఉండే ఈ గ్రంథి బరువు దాదాపు అరగ్రామే! సన్నటి కాడ దీన్ని పైనున్న హైపోథాలమస్‌తో కలుపుతుంది. ఎదుగుదల, థైరాయిడ్, అడ్రినల్, నెలసరి, చనుబాలు... అన్నీ గ్రంథి ముందు భాగం కనుసన్నల్లోనే. ఒంట్లో నీటిని నిలిపే హార్మోనునూ, కాన్పు నొప్పులకు తోడ్పడే హార్మోనునూ వెనక భాగం వదులుతుంది.

శివారు మడి
రెండు భాగాలకూ రక్తం కెరోటిడ్ ధమనుల నుంచే వస్తుంది. వెనక భాగానికి నేరుగా, ముందు భాగానికి మాత్రం ఎక్కువగా చుట్టుదారిన. మొదట హైపోథాలమస్ అడుగున సన్నటి రక్తనాళాల వలలో తిరిగి, అక్కడి హార్మోన్లను కలుపుకొని, కాడ వెంట సిరల్లో కిందికి దిగుతుంది. ఆదేశాలు పలచబడకుండా చేరడానికే ఈ ఏర్పాటు. చిక్కూ ఇక్కడే. పెన్నా డెల్టాలోని విడవలూరు రైతులకు తెలిసిందేగా... కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది శివారు మడే!

గర్భిణుల్లో ఈ ముందు భాగం పెరుగుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే, అక్కడి కణాలు రక్తం అందక చచ్చిపోతాయి. బ్రిటిష్ వైద్యుడు షీహాన్ 1937లో వివరించిన ఈ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది.

పొలంలో పొంచిన ముప్పు
వరిచేలల్లో తిరిగే రక్తపింజరిదీ ఇదే దెబ్బ. కోరమాండల్ తీరపు పాములపై పాట్రిక్ రసెల్ 1796లో వెలువరించిన పుస్తకంలో దీని పేరు ‘కాటుక రేకుల పొడ’. దాని విషం రక్తం గడ్డకట్టే తీరునే తారుమారు చేస్తుంది. కొందరిలో గ్రంథిలోని సన్నటి నాళాలు పూడుకుపోవడమో, చిట్లడమో జరుగుతుంది. బర్మాలోనూ, దక్షిణ భారతంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

గుర్తిస్తే భయం లేదు
తీరని అలసట, చలికి తట్టుకోలేకపోవడం, బీపీ, సోడియం తగ్గడం, నెలసరి ఆగడం, మగవారిలో గడ్డం పలచబడటం... ఇవీ సూచనలు. కొన్నిసార్లు ఏళ్ల తర్వాత బయటపడతాయి. రక్తపరీక్షలు, ఎమ్మారై స్కాన్‌తో తెలుసుకోవచ్చు. చికిత్సలో ముందు కార్టిసాల్ లోటు తీర్చి, తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు. క్రమం తప్పితే ప్రాణానికే ముప్పు. అందుకే పాత కాన్పు సంగతైనా, పాత పాము కాటైనా డాక్టరుకు చెప్పడం మరవొద్దు!