యంత్రము మూగబోయినపుడు

కొల్లేటి సీమలో ముంపు నెరుగనివారు అరుదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినచో, ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రమును చేరువరకు చిక్కులే. త్రోవలు తెగును, కరెంటు పోవును. అట్టి రాత్రి ఒక కంప్యూటరు ఆగినను, దాని పని ఆగకుండుట యెట్లు?

పలువురి పనులను ఒకచోట నుండి నడపు కంప్యూటరును సర్వర్ అందురు. సాఫ్ట్‌వేర్ సాయమున ఒకే సర్వరును అనేక కంప్యూటర్లవలె పని చేయింపవచ్చును. వీనినే వర్చువల్ మెషీన్లు అందురు. ఐ.బి.ఎమ్. సంస్థ 1972లోనే తన పెద్ద కంప్యూటర్లకు ఇట్టి ఏర్పాటును ప్రకటించినది. వర్చువల్ మెషీనుకు లోహపు దేహము లేదు. డిస్కులోని ఫైళ్లే దానికి ఆధారము. కావున ఒక సర్వరు చెడినచో, ఆ ఫైళ్లు అందుబాటులో నున్న మరియొక సర్వరుపై దానిని తిరిగి ప్రారంభింపవచ్చును. ఇట్లు ఒకదానికొకటి ఆసరాగా నుండు సర్వర్ల కూటమియే క్లస్టర్.

ఏలూరులో నొకటి, తాడేపల్లిగూడెములో నొకటి సర్వర్లు కలవని ఊహింతము. ఉల్లిపాయల లెక్కలు వ్రాయు వర్చువల్ మెషీన్ గూడెములో నడచుచున్నది. ఫైళ్ల ప్రతులు రెండుచోట్లను కలవు. సర్వర్లు “నేనున్నాను” అని మాటిమాటికి సంకేతములు పంపుకొనుచుండును. ఇదియే వాని గుండెచప్పుడు. అది కొన్ని సెకన్లపాటు వినబడనిచో?

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. మూగబోయినంత మాత్రమున చచ్చినట్లు కాదు. గూడెము సర్వరు బాగుగనే యుండి, నడుమ తీగ మాత్రమే తెగియుండవచ్చును. ఏలూరు తొందరపడి అదే మెషీనును నడిపినచో, ఒకే ఖాతాను రెండు చేతులు వ్రాయును. ఉన్న 100 బస్తాలలో గూడెము 60, ఏలూరు 70 అమ్మినట్లు నమోదగును! ఆగిన పనిని మరల సాగింపవచ్చును. చెడిన లెక్కను సరిచేయుట కష్టము.

దీనికి విరుగుడు మూడవ సాక్షి. కైకలూరులో మరియొక యంత్రము నుంచుదము. మూడింటిలో రెండు కలిసియున్న పక్షమునకే పని చేయు హక్కు. ఒంటరియైన గూడెము తన మెషీనును తానే ఆపుకొనవలెను. అందులకు చాలినంత గడువు గడచిన పిదపనే ఏలూరు దానిని ప్రారంభించును. ఇందుకై ఏలూరు సర్వరులో కొంత శక్తి ముందే మిగిల్చియుంచవలెను. ఇంత చేసినను కొద్దిపాటి అంతరాయము తప్పదు. డిస్కునకు చేరక మెమరీలోనే యున్న సమాచారము నశించును.

విద్యార్థులారా, మూడు ఊళ్లకును సంబంధము తెగినచో ఏమగును? ఏ పక్షమునకును రెండు లేవు గనుక మూడును మౌనము వహించును. పని ఆగును, లెక్క మాత్రము చెడదు.