పనికి వెళ్ళిన బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలి

తెల్లవారకముందే క్యారేజీ సర్ది, 'ఖుదా హాఫిజ్' చెప్పి కొడుకును పనికి సాగనంపే తల్లులు గొలుగొండ, నర్సీపట్నం ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. వయసొచ్చిన కుర్రాళ్ళు అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల వైపు చూస్తున్న రోజులివి. జీతం ఎంతని అందరం అడుగుతాం. అక్కడ ప్రాణానికి రక్షణ ఏమిటని మాత్రం ఎవరమూ అడగం.

2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌ నుంచి వెలువడిన స్టైరీన్ విషవాయువు 12 మందిని బలిగొంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో మండే ద్రావకం లీకై పేలుడు సంభవించి 17 మంది మరణించారు. 2025 ఏప్రిల్ 13న మన పొరుగునే, కోటవురట్ల మండలం కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో ఎనిమిది మంది కూలీలు అసువులు బాశారు.

ఇలాంటివి జరిగినప్పుడు 'తఖ్దీర్' అని నిట్టూర్చి ఊరుకుంటాం. కాని ఒంటెను కట్టేసిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్నది మనకు అందిన బోధ. ఎల్‌జీ పాలిమర్స్‌ దుర్ఘటనపై ప్రభుత్వం నియమించిన కమిటీ ఏం చెప్పింది? ట్యాంకులో ఉష్ణోగ్రతను అదుపు చేయలేదనీ, ప్రజలను హెచ్చరించవలసిన సైరన్ మోగలేదనీ తేల్చింది. ఇవి విధి రాతలు కావు, యాజమాన్యపు లోపాలు.

భద్రత అనగానే హెల్మెట్, చేతొడుగులే గుర్తుకొస్తాయి. నిజానికి అవి చివరి అడ్డు మాత్రమే. మొదట ప్రమాదకరమైన పదార్థాన్నే తొలగించాలి, లేదా అంత ప్రమాదం లేని దానిని వాడాలి. అది కుదరకపోతే యంత్రానికి కంచె, గదికి గాలి, లీకును పసిగట్టే పరికరం ఉండాలి. ఆ తర్వాత శిక్షణ, అనుమతి పత్రం లేనిదే మరమ్మతు చేయరాదన్న నియమం. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా రాసిపెట్టుకుని కారణం వెదకాలి. నేటి చిన్న లీకే రేపటి పేలుడు.

హెచ్చరికను పెడచెవిన పెడితే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. రాణా ప్లాజా భవనానికి పగుళ్ళు కనిపించిన మర్నాడే, 2013 ఏప్రిల్ 24న, కార్మికులను మళ్ళీ లోపలికి పంపారు. భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. ఆ తర్వాత అంతర్జాతీయ దుస్తుల కంపెనీలు, కార్మిక సంఘాలు ఒప్పందం చేసుకుని వందలాది ఫ్యాక్టరీలను తనిఖీ చేయించాయి. ఆ పని ముందే జరిగి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలిచేవి!

మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. పనిలోని ప్రమాదాల గురించి యజమానిని అడిగి తెలుసుకునే హక్కును అది కార్మికునికి ఇచ్చింది. ప్రాణాపాయం కనిపిస్తే యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయవచ్చు. ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారంలో 250 మంది కార్మికులుంటే భద్రతాధికారి తప్పనిసరి. నియామక పత్రం కూడా ఇవ్వవలసిందే.

కనుక పనిలో చేరే బిడ్డను ఈ నాలుగు మాటలు అడగండి: "నియామక పత్రం ఇచ్చారా? నువ్వు ముట్టుకునే రసాయనం పేరేమిటి? సైరన్ మోగితే ఏ దారిన బయటికి రావాలి? భయం వేస్తే ఎవరికి చెప్పాలి?" జవాబు రాకపోతే అతడు సిగ్గుపడనక్కర్లేదు. మర్నాడు మేస్త్రీని అడగమని చెప్పండి. యజమానులకూ ఒక్క మాట. మీ గేటులో అడుగుపెట్టిన ప్రతి కార్మికుడూ ఒక తల్లి మీ చేతిలో పెట్టిన అమానత్. సాయంత్రానికి ఆ అమానత్‌ను భద్రంగా తిరిగి అప్పగించండి.